మూత తియ్యని సీసా

చేతిలో పైపు కదలడం ఆగిపోయింది.

స్తుతి డ్రమ్ములో కర్ర తిప్పడం మానేసి పైపును ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. ఇంజను కొట్టుకుంటూనే ఉంది. పైపులో మందు వణుకుతూనే ఉంది. అవతలి కొసన లాగే మనిషే లాగడం లేదు. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టడం మొదలుపెట్టింది. అరటితోట లోపలికి చూపు ఆనదు. పది అడుగుల చెట్లు, వాటి ఆకులు ఒకదాని మీదొకటి కమ్ముకుని, పదకొండు గంటల ఎండలో కూడా లోపలంతా మసక మసకగా ఉంటుంది. ఆ మసకలో మొగుడు ఎక్కడున్నాడో ఆమెకు చెప్పేది ఈ పైపు ఒక్కటే. పైపు జరుగుతుంటే జయపాల్ నడుస్తున్నట్టు. ఆగితే ఏమిటన్నది పదిహేను రోజుల కిందటి దాకా ఆమె ఎప్పుడూ ఆలోచించలేదు. ఇప్పుడు రోజంతా అదే ఆలోచన.

పద్నాలుగు, పదిహేను. ఇరవై దాకా ఆగుదామనుకుంది గానీ ఆగలేకపోయింది. కర్ర పారేసి సాళ్ల మధ్యకు పరుగెత్తింది. కింద పరిచిన ఆకులు తడిసి జారుతున్నాయి. రెండుసార్లు పడబోయి చెట్టు పట్టుకుని నిలదొక్కుకుంది.

ఏడో సాలులో జయపాల్ ముడుచుకుని కూర్చుని ఉన్నాడు. ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి. దగ్గరికి వెళితే ఒళ్లో మందు కొట్టే గన్ను పెట్టుకుని పుల్లతో దాని నోరు గెలుకుతున్నాడు.

"ఏంగాలే. నాజిల్లో చెత్త ఇరుక్కునింది. ఇంజను ఇడ్సిపెట్టి ఏంటికొస్తివి?" అన్నాడు.

స్తుతి అతని ముందు ఒంగింది. గడ్డం పట్టుకుని అతని ముఖం వెలుతురు వైపు తిప్పింది. కంటిపాప చూసింది. మామూలుగానే ఉంది. రెండో కన్ను కూడా చూసింది. అప్పుడు గానీ ఆమెకు ఊపిరి ఆడలేదు. జయపాల్ చెయ్యి విదిలించుకుని, ఇట్లా ఒక్కో చెట్టుకూ ఒకసారి కండ్లు చూసుకుంటూ పోతే పొద్దుగూకేలోగా ఆరు డ్రమ్ములు కూడా దిగవని విసుక్కున్నాడు. డ్రమ్ముకు నూట ఇరవై, ఇద్దరికీ కలిపి. నాలుగు ఎకరాలకు పన్నెండు డ్రమ్ములు. దిగిన డ్రమ్ములకే కూలి.

మచ్చ తెగులు అరటి ఆకుకు అడుగున మొదలవుతుంది. మందు కింది నుంచి పైకి కొట్టాలి. పైకి కొట్టిన మందులో కొంత ఆకుకు అంటుకుంటుంది, మిగిలింది కొట్టినవాడి నెత్తిన కురుస్తుంది. వరికో శనగకో మందు కొట్టేవాడి కాళ్లు తడుస్తాయి. అరటికి కొట్టేవాడు తలస్నానమే చేస్తాడు. జయపాల్ చొక్కా ఒంటికి అతుక్కుపోయి ఉంది. కనుబొమ్మల మీంచి చుక్కలు జారుతున్నాయి. తోట యజమాని ఓబులేసు పోయినేడాది ఒక ప్లాస్టిక్ కోటు తెచ్చి ఇచ్చిన మాట నిజమే. తోట లోపలి ఉక్కకు అది తొడుక్కుని అరగంట నిలబడితే మనిషి ఉడికిపోతాడు. దాన్నిప్పుడు ఇంజను మీద కప్పుతున్నారు.

ఈ తెగులు రావడానికి ముందు ఊళ్లో అందరూ సంతోషించారు. అక్టోబరులో పందొమ్మిది రోజులు ముసురు పట్టింది. పులివెందుల చుట్టుపక్కల అంత వాన చూసి ఎన్నేళ్లయిందో. బోర్లకు ప్రాణమొచ్చిందన్నారు, స్తుతి అత్త విశ్వాసమ్మ చర్చిలో కృతజ్ఞత కానుక కూడా వేసింది. ముసురు వెలిసిన వారానికి కింది ఆకుల మీద సన్నటి పసుపు గీతలు కనబడ్డాయి. గీతలు గోధుమ రంగు మచ్చలయ్యాయి. మచ్చలు ఒకదాన్నొకటి కలుపుకుని, ఆకు అంచు నుంచి ఈనె దాకా కాలినట్టు ఎండిపోయింది. ఆ తర్వాత దాని పై ఆకు, ఆ తర్వాత దాని పైది. సరిగ్గా అప్పుడే చెట్లు గెలలు వేసున్నాయి. గెల నిండాలంటే చెట్టుకు ఎనిమిది పచ్చాకులైనా ఉండాలి. నాలుగో అయిదో మిగిలితే కాయ చెట్టుమీదే పసుపు తిరుగుతుంది. అట్లాంటి కాయ ఢిల్లీ లారీ ఎక్కదు. లారీ ఎక్కితే టన్ను పద్దెనిమిది వేలు. ఎక్కకపోతే ఊరి సంతలో నాలుగు వేలకు అడిగే దిక్కుండదు.

మొదటిసారి తెగులు మందు కొట్టారు. పన్నెండు రోజులకే రెండోసారి కొట్టమన్నాడు ఓబులేసు. ఆ రెండోసారి, తగ్గాల్సినంత తగ్గలేదని అంగడివాడు ఇంకేదో సీసా ఇస్తే అది కూడా కలపమన్నాడు. స్తుతే మూత తీసింది, స్తుతే కలిపింది. మురిగిన తెల్లగడ్డ పాయల వాసన వచ్చింది. ఆ సాయంత్రం జయపాల్ ఇంటి ముందర కూర్చుని దీపం ఇంకా పెట్టలేదేమని అడిగాడు. అప్పటికి ఎండ కూడా పోలేదు. చూస్తే కంటిపాప ఆవగింజంత ఉంది. నోట్లోంచి సొంగ ఆగడం లేదు, తొడల్లో కండలు వాటంతటవే ఎగురుతున్నాయి. ఆటోలో ఆసుపత్రికి చేర్చేసరికి ఊపిరి బుడగలు బుడగలుగా తీస్తున్నాడు. నాలుగు రోజులుంచుకున్నారు. అది పురుగు మందు విషమనీ, రెండు మూడు నెలలు దాని వాసన కూడా తగలకూడదనీ డాక్టరమ్మ స్తుతిని వరండాలోకి పిలిచి చెప్పింది. మళ్లీ తగిలితే ఇక్కడి దాకా తెచ్చే టైం ఉండకపోవచ్చని కూడా చెప్పింది.

ఆ మాట స్తుతి తనలోనే దాచుకుంది. ఊళ్లో మాత్రం జ్వరమని చెప్పారు. అట్లా చెప్పమన్నది జయపాలే. మందు కొట్టలేనివాడని ఒక్కసారి పేరు పడితే ఇంకెవడూ పిలవడు. తుమ్మలపల్లె గనిలో కాంట్రాక్టు పనికి రెండుసార్లు పోయి, రెండుసార్లూ వరసలో నిలబడి తిరిగొచ్చినవాడు అతను. అతని చేతికి మిగిలింది ఈ గన్నే. ఇవాళ పొద్దున కూడా, ఇది తెగులు మందే, పురుగు మందు కాదులే అని ఆమెకు నచ్చజెప్పి బయల్దేరదీశాడు.

నాజిలు బాగుపడింది. పైపు మళ్లీ కదిలింది. స్తుతి తిరిగి డ్రమ్ము దగ్గరికి వెళుతూ, సాళ్లలో జారుడుకు భయపడి కంచె అంచున నడిచింది. అక్కడ కాళ్ల కింద మట్టి తగిలింది. ఆకు లేదు. పక్కింటి పెద్దక్క మేకలు కంచె సందులోంచి దూరి కింద ఆకంతా మేసేశాయి. ఆ మేకల కోసం ఓబులేసుకూ పెద్దక్కకూ వారానికో తగువు. స్తుతి కూడా పెద్దక్కను ఎన్నోసార్లు తిట్టింది. ఎందుకంటే ఆ ఆకు పరిచింది తను.

అది ఆమె చేతి పని. మామ లాజరు నేర్పాడు. కాపురానికొచ్చిన ఏడు, బోర్లన్నీ గాలి కొడుతున్న కాలంలో, కోసిన ప్రతి ఆకునూ చెట్టు మొదట్లో ఈనె కిందికీ రెక్క పైకీ వచ్చేట్టు పరవడం చూపించాడు. ఎండ నేలను తాకకూడదు, డ్రిప్పు కార్చిన చుక్క పైకి పోకూడదు. ఆ కరువులో ఊళ్లో నిలబడిన తోట ఇదొక్కటే. స్తుతి పరిచిన ఆకు మీద పడుకుని నిద్రపోవచ్చని ఓబులేసు పదిమందిలో అనేవాడు. ఆ మాట విన్న రోజు ఆమెకు నడుం నొప్పి కూడా తెలిసేది కాదు. తొమ్మిదేళ్లుగా పండాకు, ఎండాకు, పచ్చాకు తేడా లేకుండా పరుస్తూనే ఉంది. ఈ నెలంతా మచ్చాకు కూడా అట్లాగే కోసి పరిచింది.

అందుకే పోయిన బుధవారం రైతు సేవా కేంద్రం నుంచి ఆరాధన వచ్చి చెప్పినప్పుడు ఆమెకు నచ్చలేదు. ఆరాధన వాళ్ల పుట్టినూరి చర్చి పిల్లే, చిన్నప్పుడు ఆదివారం బడిలో స్తుతి పక్కనే కూర్చునేది. ఆ పిల్ల కింద నుంచి ఒక ఎండాకు తీసి, ఆకు చచ్చిపోయినా దాని మీద తెగులు చావదనీ, మంచు పడినప్పుడల్లా ఇందులోంచే లేచి పై ఆకుకు పడుతుందనీ చెప్పింది. మచ్చాకు కోసి తోట బయటికి మోసి తగలబెట్టమంది. పిలకలు తీసి గాలి ఆడనివ్వమంది. మందు లీటరుకు ఒక మిల్లీలీటరు చాలు, ఒకసారి కొడితే మూడు వారాలు ఆగమంది. తెగులుకు పురుగు మందు ఎందుకని నవ్వింది కూడా. ఓబులేసు అన్నిటికీ తలూపాడు. ఆ పిల్ల బండి మలుపు తిరగ్గానే, ఆ పాప పుస్తకం చదివి వచ్చిందనీ, ఆకు ఎత్తేస్తే ఈ నేల రెండు రోజుల్లో పెంకు అవుతుందనీ అన్నాడు. పైగా నాలుగు ఎకరాల ఆకు మొయ్యాలంటే పదిమంది ఆడవాళ్లకు రెండు రోజుల పని, మనిషికి రోజుకు మూడువందల యాభై. సీసా తొమ్మిది వందలు. ఆ రోజు స్తుతి కూడా ఓబులేసు వైపే నిలబడి తలూపింది.

ఇప్పుడు కంచె పక్కన నిలబడి పైకి చూసింది. మేకలు మేసిన రెండు సాళ్లలో చెట్లకు తొమ్మిదేసి, పదేసి ఆకులు పచ్చగా ఉన్నాయి. కింది ఆకుల మీద అక్కడొకటి ఇక్కడొకటి మచ్చ. మూడో సాలు నుంచి, అంటే ఆమె పరిచిన ఆకు మిగిలిన చోట నుంచి, చెట్లు నడుం దాకా కాలిపోయి ఉన్నాయి. ఇన్నాళ్లూ చెట్టు మొదట్లో పక్క పరిచినట్టు పరిచింది తెగులునా? దానికి మందు, ఆ మందుకు ఇంకో మందు, అదంతా పోయి పోయి పడింది జయపాల్ కండ్లల్లోనా? ప్రభువా అనుకుంది. అంతకు మించి ప్రార్థన నోటికి రాలేదు.

ఎనిమిది డ్రమ్ములు దిగాక సంగటికి ఆగారు. తోటకు దూరంగా, గాలి వచ్చే వైపు కూర్చోవడం ఆమె కొత్తగా పెట్టిన నియమం. జయపాల్ చేతులు మూడుసార్లు కడిగించింది. సంగటి ముద్దలో ఊరుబిండి పచ్చడి పెట్టి ఇస్తూ చూసిందంతా చెప్పింది. జయపాల్ మెల్లగా నమిలాడు. అంచున గాలి తగులుతుంది, ఎండ తగులుతుంది, మచ్చ తక్కువే ఉంటుందన్నాడు. తూర్పు అంచున కూడా గాలి తగులుతుంది కదా, అక్కడ మేకలు దూరలేదు, అక్కడెందుకు కాలిందని ఆమె అడిగింది. అతను నమలడం ఆపాడు.

"ఆయప్పతో చెప్పబాకు," అన్నాడు చివరికి. "మనమే పరిచినాం. తెగులు మనమే తెచ్చినామంటాడు. గమ్మునుండు."

అది నిజమే. ఆమెకూ అదే భయం. చెప్తే తోటను పాడుచేసింది తనే అవుతుంది. చెప్పకపోతే ఇంకో పన్నెండు రోజులకు ఇంకో పన్నెండు డ్రమ్ములు. ఈ రెంటిలో ఏది పెద్ద భయమో తేల్చుకోలేక ముద్దను చేతిలోనే పట్టుకుని కూర్చుంది. గని బస్సు రెండో షిఫ్టు మనుషులను ఎక్కించుకుని రోడ్డు మీద పోయింది. దాని వెనకే ఓబులేసు మోటారుసైకిలు గట్టు దిగింది.

ఓబులేసును చెడ్డవాడని ఊళ్లో ఎవరూ అనరు, స్తుతి కూడా అనదు. కూలి ఏనాడూ ఎగ్గొట్టలేదు. కానీ ఈ నెలలో అతని చెంపలు లోపలికి పోయాయి, చూపు మనుషుల మీద నిలవడం లేదు. బండి దిగీ దిగకముందే సంచిలోంచి సీసా తీశాడు. తెల్ల ప్లాస్టిక్ సీసా, దాని మీది కాగితం గీకేసి ఉంది.

"రేపు పొద్దున్నే ఢిల్లీ లారీ సేటు మనిషి వస్తాండాడంట. ఆకులు లెక్కపెట్టుకోని పోతాడు. మిగిలిన నాలుగు డ్రమ్ముల్లో ఇది గూడా పొయ్యండి. డ్రమ్ముకు అర్ధ లీటరు," అన్నాడు.

ఈ రోజు కొట్టిన మందు రేపటికి కాలిన ఆకును పచ్చగా చెయ్యదని ఓబులేసుకు తెలియనిది కాదు. ముప్ఫై ఏళ్లు అరటి పెట్టినవాడు. భయపడ్డ మనిషికి చేతిలో ఏదో ఒకటి ఉండాలి. అతనికి ఆ సీసా ఉంది. ఆ సీసా ఎవరి నెత్తిన కురుస్తుందన్నది అతని లెక్కలోకి రాలేదు.

జయపాల్ లేచి ఇంజను స్టార్టు చేసి వచ్చి చెయ్యి చాచాడు. స్తుతి అతని కంటే ముందు అందుకుంది. ఓబులేసు అది మామూలే అనుకున్నాడు, కలిపేది ఎప్పుడూ ఆమే కదా. ఆమె డ్రమ్ము దాకా నడిచింది. మూత చుట్టూ కాస్త కారి ఎండి ఉంది. తెరవకుండానే ఆ వాసన వచ్చింది. మురిగిన తెల్లగడ్డ. ఆ వాసనతో పాటు ఆటో సీటు, సొంగ తుడిచిన కొంగు, పగటిపూట దీపం పెట్టమన్న గొంతు అన్నీ ఒక్కసారి వచ్చేశాయి. డ్రమ్ము అంచు పట్టుకుంది.

"మూత నేను తియ్యనన్నా," అంది.

ఇంజను చప్పుడులో ఓబులేసుకు వినబడలేదు. ఏమన్నావని అడిగాడు. రెండోసారి చెప్పడం మొదటిసారి కంటే కష్టమైంది.

"మూత తియ్యను. ఆ పొద్దు ఈయప్పకు వచ్చింది జరం కాదన్నా. ఈ మందే. నాలుగు దినాలు ఆసుపత్రిలో ఉండాడు, కండ్లు కానరాలే. మళ్లా తగిలితే ఆసుపత్రి దాకా గూడా రాడని డాక్టరమ్మ నాతో చెప్పినాది."

జయపాల్ ఆమె వైపు తిరిగాడు. చివరి మాట అతను కూడా ఇప్పుడే విన్నాడు. అతని ముఖంలో కోపం రావాల్సిన చోట ఇంకేదో వచ్చింది. తల దించుకుని తన తడి చేతులకేసి చూసుకున్నాడు.

ఓబులేసు గొంతు పెంచాడు. ఇన్నేళ్లుగా కొడుతున్నారు కదా, ఎవరికేమైందన్నాడు. ఇది పాలంత మెత్తటి మందని అంగడివాడు ఒట్టేసి చెప్పాడన్నాడు. మీరు కాకపోతే లింగాల ఊళ్లో దేవేంద్రప్ప ఉన్నాడు, మొగుడూ పెండ్లాలు వచ్చి గంటలో దించేస్తారన్నాడు. ఫోను తీశాడు కూడా. స్తుతికి దేవేంద్రప్ప పెండ్లాం శివజ్యోతి గుర్తొచ్చింది. అప్పుడు ఈ పైపు ఆమె చేతిలో ఉంటుంది, లెక్కపెట్టడం ఆమె వంతవుతుంది. అవతల ఫోను మోగి మోగి ఆగిపోయింది.

"మచ్చకు పురుగు మందు ఏంటికన్నా?" అంది స్తుతి. "కంచె కాడ రెండు సాళ్లు పోయి సూడు. పెద్దక్క మేకలు కింద ఆకు తిన్న కాడ చెట్టు పచ్చగా ఉండాది. నేను ఆకు పరిచిన కాడ కాలిపోయినాది. పరిచింది నేనే. తెల్సుకోని నీకు చెప్తాండా. ఎత్తమంటే అదంతా నేనే ఎత్తుతా. ఇది మాత్రం కలపను."

ఓబులేసు కంచె వైపు చూడలేదు. చూస్తే ముప్ఫై ఏళ్ల వ్యవసాయం తప్పని ఒప్పుకున్నట్టు అవుతుందనుకున్నాడో ఏమో. ఆమె చేతిలోంచి సీసా లాక్కున్నాడు. "నేనే కలుపుతా. నువ్వు గన్ను పట్టుకోప్పా జయపాలూ," అన్నాడు.

సీసాను డ్రమ్ము మూత మీద పెట్టాడు. ఒకసారి తలెత్తి గాలి ఎటు వస్తుందో చూశాడు. రెండడుగులు జరిగి గాలి వీపుకు తగిలేట్టు నిలబడ్డాడు. భుజం మీది టవల్ తీసి రెండు మడతలు వేసి ముక్కూ నోరూ కలిపి కట్టుకున్నాడు. సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసి కుడి చేతికి తొడుక్కున్నాడు. ఇదంతా అతనికి ఎవరూ చెప్పలేదు. చేతులు వాటంతటవే చేసుకుపోయాయి. ఆ తర్వాత సీసా మూత మీద చెయ్యి వేసి తలెత్తాడు.

ఎదురుగా జయపాల్ నిలబడి ఉన్నాడు. నెత్తి మీద ఏమీ లేదు, ముఖానికి ఏమీ లేదు. చొక్కా నుంచి ఇంకా చుక్కలు కారుతున్నాయి. అతను ఓబులేసు ముక్కు మీది టవల్ వైపు చూస్తున్నాడు. కవరు తొడిగిన చేతి వైపు చూస్తున్నాడు. పదకొండేళ్లుగా ఆ తోటలో మందు కొడుతున్నవాడు ఆ చేతిని ఇప్పుడే కొత్తగా చూసినట్టు చూశాడు. ఓబులేసు చెయ్యి మూత మీదే ఉండిపోయింది. తిప్పలేదు, తియ్యలేదు.

జయపాల్ వంగి గన్నును నేల మీద పెట్టాడు.

స్తుతి ఏడో సాలు దాకా నడిచి, ఒంగి మొదటి ఆకు ఎత్తింది. దాని కింద రెండోది. చంకలో పట్టినన్ని పట్టుకుని గట్టు దాటించి రోడ్డు వారన పడేసింది. రేపు ఎవరు పిలుస్తారో, అసలు ఎవరైనా పిలుస్తారో లేదో తెలియదు. రెండో మోపుకు తిరిగి వస్తుంటే పైపు కాళ్లకు అడ్డం తగిలింది. ఇంజను కొట్టుకుంటూనే ఉంది. పైపు కదలడం లేదు. ఈసారి ఆమె లెక్కపెట్టలేదు.